డీజిల్ ఇంజిన్‌కి కొబ్బరినీళ్ళు పడవు

మనిషికి కొబ్బరినీళ్ళు చలవ. డీజిల్ ఇంజిన్‌కి మాత్రం పడవండి. ఈ ముక్క ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. ఆ ఇంజిన్ తయారుచేసినవాళ్ళు చలిదేశంవాళ్ళు, వాళ్ళకి కొబ్బరికాయతో పనేముంది! అమలాపురంలో ఒక మహానుభావుడు స్వయంగా ప్రయోగం చేసి మరీ కనిపెట్టేడు. ఆ మహానుభావుణ్ణి నేనే.

షెడ్లు పెట్టుకున్న కుర్రమేస్త్రులు మీరంతా అప్పుడప్పుడూ నా దగ్గరకొచ్చి, ఫోను నా మొహం మీద పెట్టి, "గురువుగారూ, పాత డీజిల్ ఇంజిన్ల గురించి చెప్పండి" అంటారు. మీకు కావాల్సినవి నా గొప్పలు. అవి చెబితే నాకూ బాగానే ఉంటుంది. కానీ ఇవాళ నా వెధవతనం ఒకటి చెబుతాను. ఇప్పుడు మీరు వైరు తగిలిస్తే ఇంజినే తన రోగం తెర మీద రాసి చూపిస్తుంది. మా రోజుల్లో ఇంజిన్ నోరు విప్పేది కాదు. పక్కనున్న మెకానిక్కు కూడా విప్పకపోతే ఏమవుతుందో వినండి.

నాకప్పుడు ఇరవయ్యారేళ్ళు. కొత్తగా పెళ్ళయింది. కాలవగట్టు కింద రేకుల షెడ్డులో మా మేస్త్రిగారి తర్వాత నేనే. మేస్త్రిగారంటే యాభై దాటిన మనిషి, బక్కపల్చన, చొక్కా మీద ఒక్క మరక ఉండేది కాదు. ఇరవై ఏళ్ళు ఇంజిన్లతో కాపరం చేసి తెల్లచొక్కా ఎలా నిలబెట్టుకున్నారో దేవుడికే తెలియాలి. ఎవర్నీ 'నువ్వు' అనేవారు కాదు. కస్టమరు దగ్గర్నుంచి గట్టు మీద కుక్కదాకా అందరికీ 'అండీ'నే. ఇంజిన్‌కి కూడానండి! స్టార్టవకపోతే దాని మీద చెయ్యేసి, "లేవండి మరి, పొద్దెక్కింది" అనేవారు. అదే ఇంజిన్ని నేను తల్లితో సహా తిట్టేవాణ్ణి. లేచేది మాత్రం ఆయన మాటకే.

ఆయనకొక పిచ్చి ఉండేది. అప్పట్లో డీజిల్ అంటే లారీలు, బస్సులు. మా ఊరి టాక్సీలన్నీ పెట్రోలువే. ఎప్పుడో యాభైల్లో, ఆ చలిదేశం ఇంజినీర్లు మామూలు పెట్రోలు కారు ఇంజిన్నే తీసుకుని డీజిల్‌గా మార్చేరని ఆయన ఎక్కడో విన్నారు. అవే నాలుగు సిలిండర్లు, అదే ఇనప దిమ్మ. పైన హెడ్డు మార్చి, లోపల కడ్డీలు లావు చేసి, పక్కన ఒక పంపు తగిలించేరు. అంతే, కారుకి సరిపడే బుల్లి డీజిల్ ఇంజిన్ తయారు. "వాళ్ళు పెట్రోలుదాన్ని డీజిల్ చేసేరు కదండీ, మనం ఆ డీజిల్‌దాన్ని తెచ్చి మన కారులో కూర్చోబెట్టలేమా?" అని అడిగేవారు. నేను "ఆయ్, ఎందుకు కూర్చోబెట్టలేం" అనేవాణ్ణి. అన్నిటికీ 'అవునండి' బదులు ఆయ్ అనెయ్యడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఒకరోజు విశాఖపట్నంలో విరిచేసిన ఓడ సరుకులోంచి అలాంటి ఇంజినే ఒకటి దొరికింది. ఓడకి వేలాడే చిన్న పడవలో ఉండేదట. ఉప్పుగాలికి తుప్పట్టి, గొట్టాల్లో గుల్లలు పేరుకుని, చూస్తే ఏడుపొచ్చేలా ఉంది. మేస్త్రిగారు దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, "బాగున్నారండీ" అన్నారు. కుశలం అడిగేరో మెచ్చుకున్నారో నాకు తెలీలేదు.

ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే తర్వాత కథ అర్థం కాదు. పెట్రోలు ఇంజిన్‌కి నిప్పురవ్వ కావాలి. డీజిల్‌కి అక్కర్లేదు. అది గాలిని నొక్కినొక్కి వేడెక్కిస్తుంది, ఆ వేడికి డీజిల్ అంటుకుంటుంది. ఈ బుల్లి ఇంజిన్‌లో పెద్ద గ్లాసుడు గాలిని మూడు ఉద్ధరిణెల చోటులోకి నొక్కెయ్యాలి. గాలి కాబట్టి నలుగుతుంది. ఆ చోటులో నీళ్ళుంటే నలగవు. నొక్కేదే వంగాలి. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంజిన్ దొరికింది, కారు ఎవరిస్తారు? అప్పుడొచ్చేరు కువైటు బావగారు. మాకు చుట్టరికం ఏమీ లేదు. మా ఊళ్ళో ముప్ఫై దాటిన ప్రతి మగాడూ ఎవరో ఒకరికి బావగారే. ఆయన కువైట్‌లో నాలుగేళ్ళు డ్రైవరుగా చేసి వచ్చి, ఒక పాత టాక్సీ కొనుక్కున్నారు. గుండ్రంగా, పెద్ద ముక్కుతో, అప్పట్లో దేశమంతా తిరిగిన రకం. అది పెట్రోలు తాగే తాగుడికి బావగారి బతుకు ఆవిరైపోతోంది. ఆయనకి నాలుగేళ్ళ పాప. ఆ పిల్ల పుట్టినప్పుడు ఈయన అక్కడ ఎడారిలో ఎవరి కారో తుడుస్తున్నారు. తిరిగొచ్చిన రోజున తలుపు సందులోంచి చూసి, "అమ్మా, కువైటాయన వచ్చేడు" అందట. ఏడాదయినా ఇంకా 'నాన్న' అని ఎవరైనా అందిస్తే గాని అనేది కాదు.

"మేస్త్రిగారూ, ఉన్న మాట చెబుతున్నానండి" అన్నారు ఆయన, కారు తాళం చేతిలో పెడుతూ. "మళ్ళీ వీసా వచ్చి కూర్చుంది. వచ్చే నెలాఖరు గురువారం లోపు ఏదో ఒకటి చెప్పమంటున్నాడు ఏజెంటు. మీ ఇంజిన్ ఆడితే ఇక్కడే ఉండిపోతాను. ఆడకపోతే విమానం ఎక్కేస్తాను."

"ఆడుతుందండి" అన్నారు మేస్త్రిగారు. నేను పక్క నుంచి "ఆయ్, ఎందుకాడదు" అన్నాను.

నెలన్నర పట్టింది. కారు ముక్కు లోపల ఇంజిన్ కూర్చోవాలంటే ఇటు గేరుబాక్సు ఒప్పుకోవాలి, అటు రేడియేటరు ఒప్పుకోవాలి. కొత్తకోడల్ని ఇంట్లో సర్దుకునేలా చెయ్యడం ఇంతకంటే సులువు. లేత్ మీద ఇనప చట్రం కోయించి గేరుబాక్సుకి అతికించేం. మొదటిసారి ఇంజిన్ని నేరుగా ఇనప దిమ్మల మీద బిగించి రోడ్డెక్కించేం. ఓరి నాయనో, ఆ ఊపు! తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి, వెనక్కి చూసుకునే అద్దం ఊడి నా ఒళ్ళో పడింది. బావగారు ఐనవిల్లి నుంచి తెచ్చి డాష్‌బోర్డు మీద పెట్టుకున్న వినాయకుడు ఈదరపల్లి వంతెన దాటేసరికి పూర్తిగా తిరిగిపోయి మాకు వీపు పెట్టేడు. బావగారు ఏదో చెబుతున్నారు గాని, పళ్ళు టకటకా కొట్టుకోవడంతో ఒక్క ముక్కా తెలీలేదు.

అప్పుడు నా బుర్ర పని చేసింది. మా వైపు ఏ కష్టమొచ్చినా కొబ్బరిచెట్టు వంకే చూస్తాం కదండీ. పీచుని దట్టంగా నొక్కి, దిళ్ళలా కుట్టించి ఇంజిన్ కింద పెట్టించేను. అద్భుతం! కారు పల్లకీలా వెళ్ళింది. అంబాజీపేట దాకా వెళ్ళింది. అక్కడ పొగగొట్టం వేడికి దిళ్ళు అంటుకుని, కారు కింద నుంచి పొగ లేచింది. ఎవరో కాలవలో నీళ్ళు బిందెలతో తెచ్చి పోసేరు. పోసినాయన, "ఏవండీ, దీన్ని కొబ్బరి కురిడీలు ఎండబెట్టడానికి చేయించేరా?" అని అడిగేడు. మేస్త్రిగారు నన్ను ఏమీ అనలేదు. లారీ టైరు ముక్కలు కోసి, పొర మీద పొర వేసి, మధ్యలో ఇనప రేకు పెట్టి ఆయనే కొత్త దిమ్మలు చేసేరు. ఆ తర్వాత వినాయకుడు కదల్లేదు.

బావగారు రోజూ పాపని సైకిలు ముందు కూర్చోబెట్టుకుని షెడ్డుకి వచ్చేవారు. ఆ పిల్లకి ఇంజిన్ చప్పుడంటే ఇష్టం. మేస్త్రిగారు ఇంజిన్‌తో 'అండీ' అనడం చూసి తనూ, "ఇంజినుగారూ, అన్నం తిన్నారా?" అని అడిగేది. ఒకసారి చేతికి గ్రీజు అంటుకుంటే, "నాన్నా, చూడు" అని పరిగెత్తుకెళ్ళి బావగారి చొక్కాకి తుడిచింది. ఎవరూ అందించలేదు. బావగారు ఆ చొక్కా చాలాసేపు చూసుకుంటూ ఉండిపోయేరు. నేను చూడనట్టు పానా వెతుక్కున్నాను.

అసలు రోజు సోమవారం. అంతకు ముందురోజు కొత్తపేట దాకా వెళ్ళొచ్చేం, ఇంజిన్‌లో వంకపెట్టడానికి ఏమీ లేదు. పూజ చేసుకుని బండి అప్పగించడమే తరువాయి. మా షెడ్డు ఆచారం ఏంటంటే, ఆఖరి నట్టు ఎవరు బిగిస్తే వాళ్ళే కాయ కొట్టాలి. కొట్టి, రెండు చుక్కలు ఇంజిన్ మీద చిలకరించాలి. ఆఖరి నట్టు నేనే బిగించేను. నిజం చెప్పాలంటే కాయ కొట్టాలని, ఆ నట్టు పొద్దున్నించీ బిగించకుండా అట్టే పెట్టుకున్నాను.

గాలి లోపలికి పీల్చుకునే గొట్టం మీద ఎయిర్ క్లీనరు ఉంటుంది. మేస్త్రిగారు దాన్ని టోపీ అనేవారు. "ముందు టోపీ పెట్టండి, తర్వాతే పూజ" అని ఆయన నాతో రెండుసార్లు చెప్పేరు. నేను ఆ టోపీకి అందంగా ఉంటుందని వెండిరంగు వేసి, గోడ మీద ఎండలో పెట్టేను. అది ఇంకా ఆరలేదు. ముహూర్తం ముంచుకొస్తోంది. మేస్త్రిగారు వెనక నిలబడి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నారు. ఆయన దణ్ణం పెడితే ఓ పట్టాన కళ్ళు తెరవరు. బావగారి భార్య ఒలిచిన కాయ తెచ్చి నా చేతికిచ్చేరు.

రెండు చుక్కలు చిలకరించి ఊరుకోవచ్చు కదా! నాకు ఆ రోజు పూనకం వచ్చింది. గట్టు మీద పాతికమంది చూస్తున్నారాయె. కాయని ఇంజిన్ పైకెత్తి, పానాతో ఒక్కటిచ్చి, అభిషేకంలా ధార కట్టించేను. అంతా "ఆహా" అన్నారు. గొట్టం నోరు తెరుచుకుని పైకే చూస్తోంది. లోపల గుడగుడమని చప్పుడు వినిపించింది. విన్నానండి, వినలేదని అబద్ధం ఆడను. "ఆ, రెండు చుక్కలేగా" అనుకుని, తడి రంగు చేతికంటుకుంటున్నా సరే, టోపీ తెచ్చి పెట్టేసేను.

బావగారు కూర్చుని సెల్ఫ్ కొట్టేరు. టక్. అంతే. ఇంకోసారి కొట్టేరు. టక్.

మేస్త్రిగారు కళ్ళు తెరిచేరు. "ఆగండి. ఎందుకో చూద్దాం."

"బ్యాటరీ అండి!" అన్నాను నేను. "తోస్తే లేస్తుంది. ఇంకాసేపుంటే వర్జ్యం వచ్చేస్తుంది."

వర్జ్యం అనేసరికి బావగారి భార్య మొహం పాలిపోయింది. మేస్త్రిగారు ఆమెను చూసి, "సరే, తొయ్యండి" అన్నారు. ఆమె కూడా కొంగు బిగించి చెయ్యి వేసేరు. పాతికమందీ కలిసి గట్టు దిగుడులో తోస్తే ఆ బరువైన బండి దూసుకెళ్ళింది. బావగారు గేరు వేసి క్లచ్ వదిలేరు. లోపల ఏదో 'ఖణ్' మంది. ఇంజిన్ లేచింది. జనం చప్పట్లు కొట్టేరు. ఆ చప్పట్ల మధ్యలో టకటకమని ఒక కొత్త చప్పుడు. మేస్త్రిగారు పరిగెత్తి వెళ్ళి, పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజిన్‌కి, ఇంకో కొన చెవికి ఆనించి విన్నారు. విని, "ఆపెయ్యండి బావగారూ" అన్నారు.

అందరూ వెళ్ళిపోయేక నన్ను అడిగేరు. "టోపీ పెట్టేకే కదండీ కాయ కొట్టేరు?"

"ఆయ్" అన్నాను.

నా జన్మలో చాలా అబద్ధాలు ఆడేను. అంత పొట్టి అబద్ధం ఇంకోటి లేదు.

హెడ్డు నేనే విప్పేను. మూడో సిలిండరులో గాలిని నొక్కే కడ్డీ, కనెక్టింగ్ రాడ్డు, వంగిపోయింది. నీళ్ళు ఎప్పుడో ఆవిరైపోయాయి. కానీ గాలి వచ్చే దారిలో, కవాటం అంచున, గోరంత కొబ్బరిపీచు అంటుకుని ఉంది. మేస్త్రిగారు అటు తిరిగి ఉన్నారు. పీచు తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. చెయ్యి ఆ పని చకచకా చేసేసింది.

మేస్త్రిగారు ఆ రాడ్డు విప్పించి, అద్దం మీద పెట్టి అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. బిగించే ముందు ఆయన నాలుగు రాడ్లనీ దారంతో వేలాడదీసి, చిన్న సుత్తితో కొట్టి మోత వినేవారు. మోత బాగుంటే రాడ్డు బాగున్నట్టు. ఇప్పుడు ఆయన నెమ్మదిగా అన్నారు, "మూడోది బిగించేనాడు కాస్త మూగగా మోగిందండి. నాకు వినిపించింది. పని ఆగిపోతుందని ఒప్పేసుకున్నాను." ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. నాలుగూ గుడి గంటల్లా మోగేయి. ఆ ముక్క ఆయనకి చెప్పాలంటే జేబులోది బయటికి తియ్యాలి. తియ్యలేదు.

మంగళవారం బావగారొచ్చేరు. మేస్త్రిగారు లేచి నిలబడి చెప్పేరు. "తప్పు నాదండి. నా చెవి నన్ను మోసం చేసింది. రాడ్డు మార్చి మళ్ళీ బిగించగలను. కానీ ఈ ఇంజిన్ మీద నాకిప్పుడు నమ్మకం లేదు, నా చేతి మీదా లేదు. పాపని ఎక్కించుకుని గోదావరి వంతెనలు దాటాల్సిన బండి అది. వద్దండి." బావగారు, "ఆయ్, అలాగేనండి" అన్నారు. అని కూడా వెళ్ళలేదు. కారు తలుపు తీసి, లోపల కాసేపు కూర్చుని, దిగి వెళ్ళేరు.

గమనించేరా? ఇంజిన్ బంగారంలా ఉంది. ఒక్క రాడ్డు మారిస్తే పదేళ్ళు ఆడుతుంది. ఆ సంగతి తెలిసినవాడు భూమ్మీద ఒక్కడే. వాడు నోట్లో బెల్లం పెట్టుకుని కూర్చున్నాడు. ఎందుకంటే చెబితే నా పరువు పోతుంది, షెడ్డు పోతుందేమో, 'కొబ్బరినీళ్ళ మెకానిక్కు' అని ఊరంతా నవ్వుతుంది. ఇప్పుడు మీరు నవ్వుతున్నారు చూడండి, అందుకే.

బుధవారం మేస్త్రిగారు వచ్చిన రెండు బళ్ళు వెనక్కి పంపించేసేరు. "ఇంకెక్కడైనా చూపించుకోండి" అన్నారు. రోజంతా వట్టి చేతులతో బల్ల మీద కూర్చున్నారు. సాయంత్రం తన పానాలన్నీ కిరోసిన్‌తో తుడిచి, గుడ్డలో చుట్టి పెట్టేరు. రేపు మళ్ళీ తీసే మనిషి అలా చుట్టడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

గురువారం పొద్దున్న చొక్కా ఉతకబోతూ మా ఆవిడకి జేబులో పీచు దొరికింది. "ఇదేంటండీ, చెత్త ఇంటికి మోసుకొస్తున్నారు?" అంది. నాకు ఏడుపొచ్చేసింది. మొత్తం చెప్పేను. మా ఆవిడ ఆ పీచు నా చేతిలో పెట్టి, "అయితే ఇంకా ఇక్కడెందుకున్నారు?" అంది.

"వెళ్తానే. భోంచేసి వెళ్తాను" అన్నాను.

ఆ రోజు పనసపొట్టు కూర. ఆవపెట్టి మా ఆవిడ చేస్తే వీధంతా తెలుస్తుంది. మూడు రోజుల తర్వాత మనసు కాస్త తేలికపడింది కదా, రెండు రోజుల తిండి ఒకేసారి తిన్నాను. ఎలాగూ చెప్పేద్దామనుకున్నాను కాబట్టి సగం చెప్పేసినట్టే అనిపించింది. చాప మీద ఒక్క క్షణం నడుం వాల్చేను. లేచేసరికి నాలుగు దాటింది.

షెడ్డుకి వెళ్ళి, బల్ల మీద కూర్చున్న మేస్త్రిగారి ముందు అరచెయ్యి చాపేను. ఆయన పీచు తీసుకుని వెలుతురుకి పెట్టి చూసేరు.

"ఎక్కడిదండీ?"

"మూడో సిలిండరులోదండి. టోపీ పెట్టకముందే కాయ కొట్టేను. నీళ్ళు లోపలికి పోయేయి."

"ఎప్పుడు తీసేరు ఇది?"

"సోమవారం అండి."

"ఇవాళ ఏం వారం?"

నేను వేళ్ళ మీద లెక్కపెట్టబోయేను.

"ఏం వారంరా?" అన్నారు. ఆయన నోట ఆ 'రా' అంతకు ముందెప్పుడూ వినలేదు నేను. "నీళ్ళు పోశావు, సరే, మనిషన్నాక పోస్తాడు. మూడు రోజులు నా చెవి పోయిందని నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుని చూస్తావా? దున్నపోతా!" లేచి చెయ్యెత్తేరు. కొడతారనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. కొట్టలేదు. గుడ్డలో చుట్టిన పానాలు బల్ల మీదకి లాగి విప్పేరు. "పద బావగారింటికి. నీ నోటితో నువ్వే చెప్పు."

వెళ్ళేసరికి బావగారు వసారాలో కూర్చుని పాపకి ముంజికాయల బండి కడుతున్నారు. నిలబడే చెప్పేను, మొత్తం. ఆయన తల దించుకుని విన్నారు.

"అయితే ఇంజిన్ బాగానే ఉందంటారా?" అన్నారు మేస్త్రిగారితో.

"ఇంజిన్ లక్షణంగా ఉందండి. వారంలో మీ చేతిలో పెడతాను. దానికి నేను పూచీ."

బావగారు పుల్ల పక్కన పెట్టేరు. "మధ్యాహ్నం రెండింటికి ఏజెంటు వచ్చేడండి. మాటిచ్చేసేను. పాస్‌పోర్టు పట్టుకుని మూడు గంటల బస్సుకి బొంబాయి బయల్దేరేడు."

రెండింటికి నేను చాప మీద ఉన్నాను. పనసపొట్టు కూర తిని.

నన్ను తిడతారని ఎదురుచూసేను. ఆయన తిట్టలేదు. లోపలి గుమ్మంలోంచి ఆయన భార్య అన్నారు, "కాయ తెచ్చింది నేనేనండి. నీళ్ళు నిండుగా ఉన్నదే కావాలని, చెవి దగ్గర ఊపి చూసి మరీ ఎంచేను." ఆ మాట విన్నాక నాకు ఆ గుమ్మంలో నిలబడే ధైర్యం లేకపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు, ఎవరైనా కాయ ఊపి చూస్తుంటే నేను అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయేవాణ్ణి.

రాడ్డు వచ్చింది, బిగించేం, ఇంజిన్ ఆడింది. నా జీవితంలో అంత నున్నగా ఆడిన ఇంజిన్ ఇంకోటి చూడలేదు. ఆ కారు చూసి మరో నాలుగు టాక్సీలవాళ్ళు అలాంటి ఇంజిన్ కావాలని వచ్చేరు, మేస్త్రిగారి పేరు రాజోలు దాకా పాకింది. బావగారి బండికి ఆయన భార్యే డ్రైవర్ని పెట్టి తిప్పించుకున్నారు. రెండేళ్ళని వెళ్ళిన బావగారు, మధ్యలో ఒక్కసారి చుట్టపుచూపుగా వచ్చి, ఏడేళ్ళకి గాని తిరిగి రాలేదు. అదంతా తర్వాతి మాట. నాకు ఇప్పటికీ గుర్తుండిపోయింది ఆయన వెళ్ళిన రోజు.

రాజమండ్రిలో సాయంత్రం రైలు. మేస్త్రిగారు కారు తాళం నా చేతిలో పెట్టి, "మీరే దింపి రండి" అన్నారు. నన్ను క్షమించేరో, శిక్ష వేసేరో నాకు ఇప్పటికీ తెలీదు. బావగారు నా పక్కన కూర్చున్నారు. వెనక సీట్లో ఆయన భార్య, ఒళ్ళో పాప. ఆ పిల్ల కొత్తపేట దాకా "నాన్నా, అదేంటి? నాన్నా, ఇదేంటి?" అని ఊపిరి తిప్పుకోకుండా అడిగి, ఆ తర్వాత నిద్రపోయింది. బావగారు చెవి రిక్కించి ఇంజిన్నే వింటూ, "ఎంత బాగా ఆడుతోందండీ" అన్నారు. కాసేపాగి మళ్ళీ అదే మాట అన్నారు. ఆయన ఎత్తిపొడుపుకి అనలేదు, నిజంగా మెచ్చుకుంటున్నారు. ఎత్తిపొడిచినా బాగుండేది.

ఎందరికో ఇంజిన్లు బిగించేను. దారిలో ఆగిపోవాలని కోరుకున్నది ఆ ఒక్కదాన్నే. రావులపాలెంలో టీ తాగడానికి ఆపేను. ఇంజిన్ని మాత్రం ఆడుతూనే ఉంచేను. నీళ్ళు చూస్తున్నట్టు బానెట్టు ఎత్తేను. డీజిల్ వచ్చే సన్న గొట్టానికి ఒక నట్టు ఉంటుంది. అర చుట్టు వదులు చేస్తే చాలు, లోపలికి గాలి పోయి ఇంజిన్ ఆగిపోతుంది. రైలు తప్పిపోతుంది. వీసా గడువు దాటిపోతుంది. మనిషి ఊళ్ళో ఉండిపోతాడు. పానా జేబులోంచి తీసి నట్టుకి తగిలించేను.

బావగారు టీ గ్లాసుతో వచ్చి పక్కన నిలబడ్డారు. "ఏమైనా తేడాగా ఉందాండీ?"

అక్కడే 'ఆయ్' అనేస్తే సరిపోయేది. నోటి చివర దాకా వచ్చింది.

"లేదండి. ఏమీ లేదు. బాగుంది" అన్నాను. పానా తీసి జేబులో వేసుకుని బానెట్టు దించేను. మళ్ళీ బండెక్కి గౌతమి వంతెన దాటేం.

రాజమండ్రి స్టేషను ముందు ఆపేను. తాళం మీద చెయ్యి వేయబోతుంటే బావగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఆపకండి" అన్నారు గుసగుసగా. "ఈ చప్పుడు ఆగితే పాప లేస్తుంది." దిగి, వెనక తలుపు నెమ్మదిగా తీసి, పాప నుదురు మీద జుట్టు పక్కకి తీసేరు. భార్యతో ఏదో అన్నారు, ఇంజిన్ చప్పుడులో నాకు వినబడలేదు. పెట్టె తీసుకుని లోపలికి వెళ్ళిపోయేరు. పాప కదల్లేదు. రైలు కూత వినబడింది, కాసేపటికి దూరంగా వెళ్ళిపోయింది. నేను కాలు కదపకుండా కూర్చున్నాను. అంతసేపూ ఆ ఇంజిన్ ఒక్కసారి కూడా తడబడలేదండి.